జైల్లో ఉన్న తమ్ముడికి పోస్టులో ఏం పంపొచ్చు, ఏం పంపకూడదు

ప్రశ్న: అక్కా, మాది హిందూపురం. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్. పురంలో ఉంటున్నాం. మా తమ్ముడు ఒక కొట్లాట కేసులో పరప్పన అగ్రహార జైల్లో ఉన్నాడు, రెండు నెలలు కావస్తోంది, బెయిల్ ఇంకా రాలేదు. మా అమ్మ ఊరి నుంచి ఒక డబ్బా పంపింది, అందులో సున్నుండలు, ఆవకాయ, ఒక దుప్పటి, వాడి ఆస్తమాకి వాడే ఇన్హేలర్, కవర్లో నాలుగు వేలు పెట్టి, కొరియర్ చేసెయ్యి అంటోంది. వాడు డిగ్రీ ఆఖరి ఏడాది, పుస్తకాలు పంపొచ్చా? నా కూతురు మామకి అని ఒక బొమ్మ గీసింది, అది పంపొచ్చా? జైలు దగ్గర ఒకాయన రెండు వేలిస్తే అన్నీ లోపలికి చేరుస్తా అంటున్నాడు. ఇంకో భయం ఏంటంటే మా అత్తగారికి ఈ సంగతి తెలీదు, జైలు నుంచి ఉత్తరం మా ఇంటికొస్తే ఏం చెప్పాలి? నిద్ర పట్టట్లేదు అక్కా, ఏం చెయ్యమంటావ్?

జవాబు: చెల్లీ, ముందు ఆ డబ్బా కొరియర్ చెయ్యొద్దు. అమ్మ ప్రేమతో పంపింది, కాదనట్లేదు, కానీ ఆ డబ్బాలో ఉన్న ఐదింటిలో ఒక్కటి కూడా ఆ దారిలో వాడి చేతికి చేరదు. జైలుకి వచ్చిన ప్రతి పార్సిల్ గేటు దగ్గరే విప్పుతారు, అందులో ఒక్క వస్తువు కుదరదు అనిపించినా మిగతావి కూడా దాంతోపాటే ఆగిపోతాయి, లేదంటే మొత్తం వెనక్కి తిప్పి పంపేస్తారు, అప్పటికి సున్నుండలు ముక్కవాసన వచ్చేసి ఆవకాయ నూనె దుప్పటికంతా కారి ఉంటుంది. అందుకని ఒక్కో వస్తువుకి ఒక్కో దారి ఉంది, ఆ దారిలోనే వెళ్ళాలి.

అన్నిటికన్నా ముందు ఇన్హేలర్ సంగతి చూడు, ఇవాళే. మందులు ఏవైనా సరే, బయట నుంచి పోస్టులో గానీ ములాఖత్ లో, అంటే ఖైదీని కలవడానికి వెళ్ళినప్పుడు, చేతికి గానీ ఇవ్వడానికి ఒప్పుకోరు, జైలు డాక్టర్ చూసి రాస్తేనే లోపల ఇస్తారు. అంటే నువ్వు పంపాల్సింది మందు కాదు, కాగితాలు. వాడికి ఆస్తమా ఉందని చెప్పే మందు చీటీలు, ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరి ఉంటే ఆ డిశ్చార్జ్ కాగితం, అన్నీ జిరాక్స్ తీయించి, పైన సూపరింటెండెంట్ గారికి ఒక అర పేజీ ఉత్తరం రాయి. తమ్ముడి పేరు, ఖైదీ నంబరు, ఏ జబ్బు, ఎప్పటి నుంచి, ఏ ఇన్హేలర్ రోజుకి ఎన్నిసార్లు, అది లేకపోతే ఏమవుతుంది, దయచేసి జైలు వైద్యాధికారికి చూపించి మందు ఇప్పించండి, అంతే చాలు. కన్నడలోనో ఇంగ్లీషులోనో రాయించు, తెలుగులో వద్దు, ఇది ఆఫీసు కాగితం కదా. ఒరిజినల్ చీటీలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, నీ దగ్గరే ఉండాలి. ఆ ఉత్తరం కాపీ ఒకటి మీ లాయర్ కి ఇచ్చి, కోర్టులో కూడా ఒక మెమో, అంటే చిన్న అర్జీ, వేయమను, ఖైదీకి వైద్యం అందేలా చూడమని జైలుకి చెప్పే అధికారం జడ్జి గారికి ఉంటుంది. ఈ ఉత్తరం స్పీడ్ పోస్ట్ లో పంపు, రసీదు దాచు. పాత రిజిస్టర్డ్ పోస్ట్ అడిగితే కౌంటర్ లో ఆశ్చర్యపోతారు, 2025లో దాన్ని స్పీడ్ పోస్ట్ లోనే కలిపేశారు. మళ్ళీ ములాఖత్ కి వెళ్ళినప్పుడు మొదటి ప్రశ్న ఇదే అడుగు, రాత్రిపూట ఆయాసం వస్తోందా, డాక్టర్ కి చెప్పావా అని. మగపిల్లలు ఇలాంటివి అక్కడ చెప్పుకోరు, గొడవెందుకులే అని ఊరుకుంటారు.

ఇప్పుడు ఉత్తరం. నీ లెటర్ మొత్తం చదివాక నాకు అనిపించింది ఏంటంటే, డబ్బా గురించి అంత రాశావు కానీ వాడికి ఒక ఉత్తరం రాశానని ఎక్కడా చెప్పలేదు. చెల్లీ, పోస్టులో జైలుకి నికరంగా చేరే వస్తువు ఏదైనా ఉందంటే అది ఉత్తరమే, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ములాఖత్ లో ఆ కాసేపు ఆ హడావిడిలో అరుపుల్లో ఏం మాట్లాడుకుంటారు, ఏడుపుతోనే సగం టైం అయిపోతుంది. ఉత్తరం అలా కాదు, రాత్రి పడుకునేటప్పుడు మళ్ళీ తీసి చదువుకోవచ్చు, పక్కన ఉన్నవాడికి చూపించుకోవచ్చు, మా అక్క రాసింది అని.

అడ్రస్ ఎలా రాయాలో చెప్తా. పైన వాడి పూర్తి పేరు, కేసు కాగితాల్లో ఎలా ఉంటే అలాగే, ముద్దుపేరు వద్దు. పక్కన తండ్రి పేరు. తర్వాత యూటీపీ నంబర్, అంటే విచారణ ఖైదీ నంబర్, ఇది చాలా ముఖ్యం, ఆ జైల్లో వేల మంది ఉంటారు, ఒకే పేరుతో పదిమంది ఉంటారు. నంబర్ తెలీకపోతే లాయర్ని అడుగు లేదా ములాఖత్ చీటీ మీద చూడు. బ్యారక్ తెలిస్తే అది కూడా రాయి. కింద సెంట్రల్ ప్రిజన్, పరప్పన అగ్రహార, బెంగళూరు 560100. వెనక పంపినవాళ్ళ పేరు, అడ్రస్ నిజమైనవి రాయాలి, పేరు లేని ఉత్తరం అంటే వాళ్ళకి మొదటి అనుమానం అక్కడే.

ఉత్తరం విప్పి చదువుతారు, చదివాకే ఇస్తారు, ఇది తెలుసుకునే రాయాలి. కేసు గురించి ఒక్క ముక్క రాయకు. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఎవర్ని కొట్టారు, సాక్షి వాళ్ళింటికి మామయ్య వెళ్ళి మాట్లాడొచ్చాడు, ఇలాంటివి రాస్తే ఆ కాగితం పోలీసుల చేతికి వెళ్ళొచ్చు, సాక్షుల్ని బెదిరిస్తున్నారని చెప్పి బెయిల్ కే అడ్డం పడొచ్చు, మామయ్య మంచి మనసుతోనే వెళ్ళినా సరే. కేసు మాటలు లాయర్ నోటి ద్వారానే వెళ్ళాలి. అలాగే ఇంట్లో వాళ్ళకే అర్థమయ్యే గుర్తుమాటలు, ఎర్రోడు, పొట్టోడు లాంటి పేర్లు కూడా వద్దు, చదివేవాడికి అది కోడ్ లాగా కనిపిస్తుంది. తెలుగులో రాయొచ్చా అంటే రాయి, వాడికి తెలుగే కదా చదవాలనిపించేది. కానీ ఇక్కడ చాలామందికి తెలుగు మాట అర్థమవుతుంది కానీ అక్షరాలు రావు, చదివే మనిషి దొరికేదాకా ఉత్తరం కొన్నాళ్ళు ఆగొచ్చు, అందుకని అక్షరాలు విడివిడిగా, పేజీన్నరకి మించకుండా, నీలం ఇంకుతో శుభ్రంగా రాయి.

ఏం రాయాలి అంటావా? ఏమైనా రాయి. మీ ఇంటి ముందు వాన నీళ్ళు నిలిచాయని రాయి, పాప స్కూల్లో ఏం చేసిందో రాయి, అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందని రాయి, తగ్గకపోతే డాక్టర్ కి చూపించామని రాయి. వాడు లేనప్పుడు ఇల్లు ఎలా నడుస్తోందో వాడికి తెలియాలి. ఒట్టి ధైర్యం మాటలే రాస్తే రెండో ఉత్తరానికి రాయడానికి ఏమీ ఉండదు. వారానికి ఒకటి రాయి, ఒకే రోజు పోస్ట్ చెయ్యి, అప్పుడు వాడికి ఎదురుచూసే రోజు ఒకటి ఉంటుంది. అమ్మకి రాయడం రాకపోతే ఫోన్లో చెప్పించుకుని నువ్వు రాయి, అమ్మ మాటలు అమ్మ మాటల్లాగే రాయి, దిద్దకు.

పాప బొమ్మ తప్పకుండా పంపు. మామూలు తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసిందైతే సరిపోతుంది. మెరుపులు, స్టిక్కర్లు, జిగురుతో అంటించినవి, దారం కట్టినవి, పాట పాడే గ్రీటింగ్ కార్డులు, ఇవేవీ వద్దు, కాగితం మీద అంటించింది ఏదైనా సరే లోపల ఏం దాచారో అని పీకి చూస్తారు. ఫోటోలు ఒకటి రెండు, ఫ్రేము లేకుండా, అద్దం లేకుండా, కుటుంబం వాళ్ళవి మాత్రమే. దేవుడి పటం కూడా అంతే, కాగితం పటం పంపు, రాగి రేకు, తాయెత్తు, విభూతి పొట్లం వద్దు, పొడి ఏదైనా కనబడితే అది విభూతి అని నువ్వు చెప్పినా వాళ్ళు నమ్మరు, నమ్మకూడదు కూడా, వాళ్ళ డ్యూటీ అది.

ఉత్తరం చిన్న విషయం అనుకోకు. ఇదే బెంగళూరు సెంట్రల్ జైలు, ఇప్పుడు ఫ్రీడం పార్క్ ఉన్న చోట ఊరి మధ్యలో ఉన్నప్పుడు, 1984లో రామమూర్తి అనే ఖైదీ సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ కి ఒక ఉత్తరం రాశాడు. దాన్నే కేసుగా తీసుకుని 1996 డిసెంబర్ లో తీర్పు ఇచ్చారు, రామమూర్తి వర్సెస్ కర్ణాటక అని లాయర్లందరికీ తెలిసిన తీర్పు. జైళ్ళలో సరిచెయ్యాల్సిన తొమ్మిది సమస్యలు అందులో లెక్కపెట్టి చెప్పారు, కిక్కిరిసిపోవడం, విచారణ ఆలస్యం, తిండి బట్ట సరిగ్గా లేకపోవడం లాంటి వాటితో పాటు బయటవాళ్ళతో మాటలు, ఉత్తరాలు సరిగ్గా అందకపోవడం కూడా ఒక సమస్యగానే చూశారు. కాబట్టి నీ ఉత్తరాలు నెలల తరబడి చేరట్లేదని తెలిస్తే ఊరుకోవద్దు, సూపరింటెండెంట్ కి రాసి అడుగు, వినకపోతే లాయర్ తో కోర్టులో చెప్పించు. అది దయ కింద అడిగేది కాదు.

పుస్తకాలు పంపొచ్చు. కొత్తవి, పేపర్ అట్టవి, లోపల రాతలు గీతలు లేనివి పంపు, పాత పుస్తకంలో ఎవరో పెన్సిల్ తో గుర్తులు పెట్టి ఉంటే అదో తలనొప్పి. గట్టి అట్టవి వద్దు, ఆ అట్ట లోపల ఏముందో అని కోసి చూడొచ్చు. పోస్టాఫీసు వాళ్ళు 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, చదువు పుస్తకాలకి, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాలకి, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, టాక్స్ వేరే. నెమ్మదిగా వెళ్తుంది కానీ చౌక. డిగ్రీ పుస్తకాలు ఒకేసారి పది పంపకు, పెట్టుకోడానికి అక్కడ చోటుండదు, ముందు రెండు పంపు, అవి చేరాయని తెలిశాక మిగతావి. పరీక్షలు రాయడానికి కోర్టు అనుమతి అడగొచ్చు, హాల్ టికెట్ రాగానే లాయర్ కి ఇవ్వు, ఆఖరి నిమిషంలో కాదు. ఒకవేళ ఈ కాలేజీలో కుదరకపోతే ఇగ్నో వాళ్ళు జైళ్ళలో ఉన్నవాళ్ళకి ఫీజు లేకుండా చదువు చెప్తారు, అది కూడా వాడి చెవిన వెయ్యి.

బట్టలు పోస్టు కన్నా చేత్తో ఇవ్వడమే మేలు. విచారణ ఖైదీలు సొంత బట్టలే వేసుకుంటారు, తెల్ల యూనిఫాం శిక్ష పడినవాళ్ళకి. ములాఖత్ కి వెళ్ళినప్పుడు రెండు జతలు, లోపలి బట్టలు, ఒక తువ్వాలు తీసుకెళ్ళు. బెల్టు, తాడున్న ప్యాంటు, లేసుల బూట్లు, ఖాకీ రంగు, బరువైన జీన్స్, వీటి జోలికి పోకు. డిసెంబర్ చలికి తల మీద నుంచి వేసుకునే స్వెట్టర్, గుండీలు జిప్పులు లేనిది. దుప్పటి మాత్రం ముందు అడిగి తీసుకెళ్ళు, జైల్లో వాళ్ళే ఇస్తారు, ఆస్తమా కాబట్టి ఉన్ని దుప్పటి పడదని డాక్టర్ రాసిన చీటీ ఉంటే ఆ మాట గట్టిగా అడగడానికి నీకు ఒక ఆధారం. 2024లో ఒక కన్నడ సినిమా హీరో ఇదే జైల్లో ఉన్నప్పుడు ఇంటి భోజనం, పరుపు, పుస్తకాలు కావాలని హైకోర్టు దాకా వెళ్ళాడు, పేపర్లలో చూసే ఉంటావు. అంత పేరున్న మనిషే కోర్టుకి వెళ్ళాల్సి వచ్చిందంటే మనం గేటు దగ్గర గొడవ పడి లాభం లేదు, అడగాల్సిన చోట కాగితం మీద అడగాలి.

డబ్బు. కవర్లో నోట్లు పెట్టి పంపకు, మామూలు కవర్లో నోట్లు పంపడానికి పోస్టాఫీసు రూల్సే ఒప్పుకోవు, జైల్లో ఖైదీ దగ్గర నోట్లు దొరికితే శిక్ష వాడికే. మనీ ఆర్డర్ చెయ్యి, ఫారం మీద వాడి పేరు, యూటీపీ నంబర్, జైలు అడ్రస్ రాయి. ఆ డబ్బు వాడి చేతికి రాదు, వాడి పేరు మీద జైల్లో జమ అవుతుంది, దాంతో క్యాంటీన్ లో సబ్బు, పేస్టు, బిస్కెట్లు కొనుక్కుంటాడు. ఎంత పంపొచ్చు అనేదానికి జైలు వాళ్ళ లిమిట్ ఉంటుంది, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2021లో ముంబై ఆర్థర్ రోడ్ జైల్లో ఉన్న ఒక పెద్ద హీరో కొడుక్కి కూడా ఇంటి నుంచి వెళ్ళింది 4,500 రూపాయల మనీ ఆర్డరే, ఎందుకంటే అక్కడ నెల లిమిట్ అంతే. కాబట్టి నువ్వు ములాఖత్ కౌంటర్లో అడిగి, అంతే పంపు. నాలుగు వేలు ఒకేసారి కన్నా నెలకి కొంచెం కొంచెం పంపడం మంచిది, లోపల ఎక్కువ డబ్బున్నవాడి చుట్టూ తెలియని స్నేహితులు చేరతారు.

ఆ రెండు వేల మనిషి దగ్గరికి ఇంకోసారి వెళ్ళకు. ఇది నేను బతిమాలి చెప్తున్నా. వాడు డబ్బు తిని కనపడకుండా పోతే అది నీ అదృష్టం అనుకో, అసలు ప్రమాదం వేరే ఉంది. నువ్విచ్చిన సంచిలో వాడు ఇంకేదో పెట్టి పంపాడనుకో, బీడీ కట్టో, గంజాయి పొట్లమో, సిమ్ కార్డో, అది దొరికినప్పుడు సంచి మీద పేరు మీ తమ్ముడిది, ఇచ్చింది నువ్వు. జైల్లోకి నిషేధించిన వస్తువు చేర్చడం దానంతట అదే నేరం, గంజాయి అయితే మత్తుమందుల చట్టం కింద ఇంకో కేసు, ఇప్పుడు ఇంట్లో ఒకరు లోపల ఉన్నారు, ఇద్దరు కాకూడదు. గేటు దగ్గర ఎవరైనా, ఆడవాళ్ళయినా సరే, ఏడుస్తూ వచ్చి ఈ చిన్న పొట్లం మా ఆయనకి ఇప్పించమ్మా అన్నా తీసుకోవద్దు. ఇంకోటి, మీ తమ్ముడికి లోపల సీరియస్ గా ఉంది, ఫోన్ పే చెయ్యండి అని ఫోన్ వస్తే కట్ చేసి లాయర్ కి చెయ్యి.

సున్నుండలు, ఆవకాయ పోస్టులో కుదరవు, ములాఖత్ లో బయటి తిండి ఏం తీసుకుంటారు అనేది ఆ రోజు కౌంటర్లో చెప్పిందే రూలు. అమ్మకి నెమ్మదిగా చెప్పు. ఆ సున్నుండలు పాపకి పెట్టు, వాడు వచ్చాక అమ్మ మళ్ళీ చేస్తుంది, మినప్పప్పుకి కరువు రాలేదు. అమ్మ రాగలిగితే ఒకసారి రమ్మను, ఈ-ములాఖత్ వెబ్‌సైట్లో ముందే పేరు నమోదు చేసి, ఇద్దరి ఆధార్ ఒరిజినల్, జిరాక్స్ తీసుకుని వెళ్ళండి. రాలేకపోతే అదే వెబ్‌సైట్లో వీడియో ములాఖత్ కి అడగొచ్చు, అమ్మ హిందూపురంలోనే కూర్చుని చూడొచ్చు.

మీ అత్తగారి విషయానికి వస్తే, జైలు నుంచి వచ్చే ఉత్తరం మీద జైలు ముద్ర ఉండొచ్చు, నీ భయం నిజమే. ఉత్తరాలకి వెనక అమ్మ పేరు, హిందూపురం అడ్రస్ పెట్టు, జవాబులు అక్కడికి వస్తాయి, అమ్మ ఫోన్లో చదివి వినిపిస్తుంది లేదా ఫోటో తీయించి పంపిస్తుంది. తప్పుడు పేరుతో గానీ పక్కింటి అడ్రస్ తో గానీ పంపకు. ఇంట్లో చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం, కానీ ఈ పరుగులన్నీ ఒక్కదానివే పడలేవు, కనీసం మీ ఆయనకి అయినా మొత్తం చెప్పు. కోర్టు తేదీలకి, ష్యూరిటీకి మనిషి కావాలి.

చివరిగా, నువ్వు అడగని విషయం ఒకటి. రెండు నెలలు కావస్తోంది అన్నావు కదా, రేపు పొద్దున్నే లాయర్ కి ఫోన్ చేసి చార్జిషీట్ వేశారా లేదా అని అడుగు. నేర విచారణ కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ లో 187వ సెక్షన్ ప్రకారం, ఉరి, యావజ్జీవం, పదేళ్ళు అంతకుమించి శిక్ష పడే కేసులకి 90 రోజులు, మిగతా వాటికి 60 రోజులు, ఆ లోపల పోలీసులు చార్జిషీట్ వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. కానీ అది దానంతట అదే రాదు, అప్లికేషన్ వెయ్యాలి, ఒకరోజు ఆలస్యమై ఆ లోపు వాళ్ళు చార్జిషీట్ వేసేస్తే ఆ హక్కు పోతుంది. రోజులు లెక్కపెట్టేది మొదటిసారి కోర్టు రిమాండ్ చేసిన తేదీ నుంచి, అరెస్ట్ రోజు నుంచి కాదు, ఆ కాగితం లాయర్ దగ్గర ఉంటుంది, తేదీ చూసి క్యాలెండర్ మీద రాసుకో. లాయర్ ఫోన్ ఎత్తకపోతే, ఫీజుకి డబ్బు లేకపోతే, 15100కి ఫోన్ చెయ్యి, అది ఉచిత న్యాయ సహాయం నంబర్, విచారణ ఖైదీలకి లాయర్ని ఉచితంగా ఇస్తారు. వకాలత్ మీద, అంటే ఈ లాయర్ నా తరఫున వాదిస్తాడని రాసిచ్చే కాగితం మీద, తమ్ముడి సంతకం జైలు ద్వారానే తెప్పించాలి, దానికి టైం పడుతుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టు.